పుస్తకం అచ్చయింది, తెలిసినవాళ్ళందరూ కొన్నారు: ఆ తర్వాత పాఠకులు ఎక్కడి నుంచి వస్తారు?

తొలిప్రతి:

సభ్యులందరికీ నమస్కారం. నా మొదటి నవలను నేనే ప్రచురించుకొని నాలుగు నెలలయింది. రచయితలే సొంతంగా పుస్తకాలు పెట్టుకునే అమెజాన్ వేదిక కేడీపీలో ఈ-పుస్తకంగానూ, అడిగినప్పుడు అచ్చువేసి పంపే పద్ధతిలో కాగితం పుస్తకంగానూ పెట్టాను. మొదటి మూడు వారాల్లో 61 ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఇంతకాలానికి అమ్ముడైనవి 9 మాత్రమే. మొదటి 61లో కనీసం యాభై మంది, పుస్తకం కొన్నామని స్వయంగా ఫోను చేసి నాకు చెప్పినవారే.

నేను ఊరికే కూర్చోలేదు. నెల రోజులపాటు ప్రతి ఉదయం ఫేస్‌బుక్‌లో పుస్తకం గురించి ఒక టపా పెట్టాను. నేనున్న వాట్సాప్ బృందాలన్నింటిలో లంకె పంచుకున్నాను, రెండింటిలోంచి నన్ను తొలగించారు కూడా. అమెజాన్‌లోనే ప్రకటన ఇచ్చి డబ్బు పోగొట్టుకున్నాను. మొన్న ఒక సంస్థవారు రాసి, కొంత రుసుము చెల్లిస్తే ఐదేసి నక్షత్రాలిచ్చే సమీక్షలు యాభై రాయిస్తామన్నారు. ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఇంకా ఎందుకు ఉంచుకున్నానో నాకే తెలియడం లేదు. నేను చేస్తున్నదాంట్లో లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను. పుస్తకం పేరు ఇక్కడ రాయడం లేదు, ఇది కూడా ప్రకటనే అనుకుంటారని.

నల్లసిరా:

తొలిప్రతి గారూ, ముందు ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయండి, మిగిలినది తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఇప్పటికి ఆరు పుస్తకాలు సొంతంగా వేసుకున్నాను. మొదటి పుస్తకానికి నాకూ సరిగ్గా ఇదే జరిగింది. ఆ 61 మంది మీ పుస్తకాన్ని కొనలేదండీ, మీ మీద అభిమానాన్ని చూపించారు, అంతే. దానికి కృతజ్ఞతతో ఉండవలసిందే గాని, దాన్ని అమ్మకాల లెక్కలోకి తీసుకుంటే మన అంచనాలన్నీ తలకిందులవుతాయి. మీరు జాగ్రత్తగా చూడవలసింది తర్వాతి 9 ప్రతులను. మిమ్మల్ని ఎరగని తొమ్మిది మంది ఏదో ఒక దారిన వచ్చి, మీ పుస్తకం పేజీ చూసి, కొన్నారు. ఎంతమంది చూస్తే తొమ్మిది మంది కొన్నారన్నదే అసలు ప్రశ్న.

రోజూ పెట్టిన టపాల సంగతికి వస్తే, చూసినవాళ్ళు దాదాపు అందరూ ఆ 61 మందిలోవారే అయివుంటారు. కొన్నవారికే మళ్ళీ మళ్ళీ కొనమని చెప్పినట్టయింది. మీరు పెట్టిన వెనుక అట్ట మాటను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టగలరా? ముఖచిత్రం ఎలా ఉందో, ప్రకటనకు ఎన్ని క్లిక్కులు వచ్చాయో, ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో కూడా చెప్పండి. వాటిని చూడకుండా సలహా చెప్పడం నాడి పట్టకుండా మందు ఇవ్వడం లాంటిది.

తొలిప్రతి:

నల్లసిరా గారూ, ధన్యవాదాలు. ఉత్తరం తీసేశాను.

ప్రకటనకు 412 క్లిక్కులు వచ్చాయి, 3 ప్రతులు అమ్ముడయ్యాయి. ముఖచిత్రం మా బంధువు ఒకరు ప్రేమతో వేసి ఇచ్చిన నీటిరంగుల చిత్రం, సూర్యాస్తమయ వేళ ఒక నది. పుస్తకం పేరు దాని మీద సన్నని వాలు అక్షరాల్లో ఉంటుంది. వెనుక అట్ట మాట ఇది:

"కాలం ఒక మహా ప్రవాహం. ఆ ప్రవాహంలో కొట్టుకుపోయే మానవ సంబంధాల లోతులను, ఆశ నిరాశల మధ్య ఊగిసలాడే మనసుల సున్నితమైన భావోద్వేగాలను ఆవిష్కరించే హృద్యమైన నవల ఇది. ప్రతి పాఠకుడి గుండెను తాకే ఈ కథ, జీవితం పట్ల మన దృక్పథాన్నే మార్చివేస్తుంది."

లెక్కలపద్దు:

అంకెలు ఇచ్చారు కాబట్టి నా వంతు నేను చెబుతాను. ప్రకటనలో క్లిక్కు ఖర్చును, ఒక ప్రతి మీద రచయితకు మిగిలే మొత్తంతో పోల్చి చూడాలి. ఒక ప్రతి మీద మీకు 40 పాళ్ళు మిగులుతున్నాయని, ఒక్కో క్లిక్కుకు 4 పాళ్ళు పోతున్నాయని అనుకుందాం. అప్పుడు పది క్లిక్కులకు ఒక ప్రతి అమ్ముడైతే లాభమూ లేదు, నష్టమూ లేదు. మీకు 137 క్లిక్కులకు ఒకటి అమ్ముడైంది. క్లిక్కు ధరను సగానికి తగ్గించినా ఈ దూరం పూడదు.

దీన్ని చాలామంది ప్రకటన విఫలమైందని చదువుతారు. నేను అలా చదవను. 412 మంది ప్రకటనలోని చిన్న ముఖచిత్రాన్ని చూసి ఏదో ఆశించి లోపలికి వచ్చారు, అంటే ప్రకటన తన పని తాను చేసింది. లోపలికి వచ్చాక వారిలో 409 మంది వెనుదిరిగారు. అక్కడేం చూసి వెనుదిరిగారో తెలుసుకునేదాకా ప్రకటన ఆపేయండి.

ధర గురించి కూడా ఒక మాట. అమెరికా దుకాణంలో కేడీపీ ఈ-పుస్తకం ధర 2.99 డాలర్ల నుంచి 9.99 డాలర్ల మధ్య ఉంటేనే 70 శాతం రాయల్టీ దొరుకుతుంది. ఆ హద్దులు దాటితే, కిందికైనా పైకైనా, 35 శాతమే. 70 శాతం ఎంచుకున్నప్పుడు ఫైలు పరిమాణాన్ని బట్టి పంపిణీ రుసుము కూడా తీసుకుంటారు కాబట్టి, లోపల పెద్ద పెద్ద బొమ్మలుంటే వాటిని కుదించండి. ధర బాగా తగ్గిస్తే ఎక్కువమంది కొంటారనుకుని హద్దు కిందికి దిగినవారు, రాయల్టీ శాతం కూడా సగానికి పడిపోయిందని తర్వాత గమనిస్తారు. ప్రకటనతో అమ్మదలచుకుంటే అంత తక్కువ ధర మీద లెక్క ఎన్నటికీ కుదరదు.

అట్టబొమ్మ:

నేను ముఖచిత్రాలు వేసి బతికేదాన్ని. మీ బంధువు వేసిన చిత్రం అందంగానే ఉండవచ్చు, దాన్ని చట్రం కట్టించి గోడకు పెట్టుకోండి. అయితే దుకాణంలో ముఖచిత్రం చేసే పని వేరు. ఫోను తెరమీద అది బొటనవేలి గోరంత కనబడుతుంది. ఆ పరిమాణంలో నీటిరంగుల నది ఒక నారింజ మరక, సన్నని వాలు అక్షరాలు ఒక గీత.

ఒక పరీక్ష చెబుతాను. మీ ముఖచిత్రాన్ని బాగా చిన్నది చేసి, నలుపు తెలుపుల్లోకి మార్చి, మీలాంటి నవలలే మరో పదకొండింటి బొమ్మల మధ్య పెట్టి, పుస్తకం చదవని ఎవరికైనా రెండు క్షణాలు చూపించండి. "ఇందులో గూఢచారి కథ ఏది, ప్రేమకథ ఏది, కుటుంబ కథ ఏది" అని అడగండి. మీ పుస్తకం దేనిలోకీ రాకపోతే ముఖచిత్రం మార్చవలసిందే. కొత్త రచయితలు అందరికంటే భిన్నంగా ఉండాలని ఆరాటపడతారు. ముఖచిత్రం మొదట తన కోవ ఏదో చెప్పి, ఆ కోవలో కాస్త ప్రత్యేకంగా ఉంటే చాలు.

ఈ-పుస్తకం బొమ్మకు కేడీపీ సూచించే పరిమాణం ఎత్తు 2560, వెడల్పు 1600 పిక్సెళ్ళు. కాగితం పుస్తకం వెన్ను మీద పేరు వేయాలంటే పేజీలు 79కి మించి ఉండాలి. మీది నవల కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

వెనుకఅట్ట:

తొలిప్రతి గారూ, మీరు పెట్టిన మూడు వాక్యాలను నాలుగుసార్లు చదివాను. కథ ఎవరి గురించో నాకు తెలియలేదు. ఆడవారా, మగవారా, వయసెంత, ఏం కావాలి, ఏది అడ్డు వచ్చింది, ఏదీ లేదు. ఈ మాటలను ఏ నవల వెనుకైనా అతికించవచ్చు, అతికించినా ఎవరూ గుర్తుపట్టరు. "హృద్యమైన", "గుండెను తాకే" అన్నవి పాఠకుడు చదివాక చెప్పవలసిన మాటలు. రచయితే ముందుగా చెప్పుకుంటే, వంట చేసినవాడే రుచి చూసి మెచ్చుకున్నట్టు ఉంటుంది.

దయచేసి సాహిత్య భాష పక్కనపెట్టి, పక్కింటివారికి చెప్పినట్టు కథ నాలుగు ముక్కల్లో చెప్పండి.

తొలిప్రతి:

గడియారాలు బాగుచేసే ఒక తండ్రి చనిపోతాడు. దుకాణం ఖాళీ చేయడానికి వచ్చిన కూతురికి, బాగుచేసి చీటీలు కట్టి పెట్టిన 17 గడియారాలు కనిపిస్తాయి. ఎవరూ తిరిగి వచ్చి తీసుకుపోలేదు. కొన్ని చీటీలు ఇరవయ్యేళ్ళ నాటివి. ఆమె ఒక్కొక్క గడియారాన్ని దాని సొంతదారుకు అప్పగించాలని బయలుదేరుతుంది. పదిహేడో చీటీ మీద ఆమె తల్లి పేరు ఉంటుంది. ఆ తల్లి ఆమె చిన్నప్పుడే ఇల్లు విడిచి వెళ్ళిపోయింది.

వెనుకఅట్ట:

అయ్యో, ఇంత కథ పెట్టుకుని ప్రవాహాలూ లోతులూ అంటూ దాచేశారేమిటండీ! ఇదే వెనుక అట్ట మాట. నేను చేసిందల్లా చిన్న సర్దుబాటు:

"బాగుచేసి, చీటీ కట్టి, ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకుపోని పదిహేడు గడియారాలు. తండ్రి పోయాక దుకాణం ఖాళీ చేయడానికి వచ్చిన కూతురు వాటిని సొంతదారులకు అప్పగించి, తాళం వేసి, తన దారిన తాను వెళ్ళాలనుకుంటుంది. పదహారు చీటీల మీద ఉన్నవారు ఆమెకు అపరిచితులు. పదిహేడో చీటీ మీద ఉన్నది ఆమె తల్లి పేరు."

ఇక్కడితో ఆపాలి. తల్లి దొరికిందా లేదా అన్నది చెప్పకూడదు, "ఏం జరిగిందో తెలియాలంటే చదవండి" అని కూడా రాయకూడదు. దుకాణం పేజీలో వివరణ పొడవుగా ఉంటే మొదటి కొన్ని పంక్తులే చూపించి మిగిలినది దాచేస్తారు, అందుకే పదిహేడు అన్న అంకె మొదటి వాక్యంలోనే ఉంది.

తొలిప్రతి:

చదవగానే నా పుస్తకం నాకే కొత్తగా కనిపించింది. అయినా ఒక సందేహం ఉంది. పదిహేడో చీటీ విషయం నవల మొదటి మూడో వంతు చివర్లో గాని బయటపడదు. దాన్ని ముందే చెప్పేస్తే చదువుతున్నప్పుడు కలిగే ఆశ్చర్యం పోదా? పైగా ఇలా రాస్తే ఇదేదో అపరాధ పరిశోధన నవల అనుకుంటారేమోనన్న భయం కూడా ఉంది. నాది నెమ్మదిగా సాగే కథ.

వెనుకఅట్ట:

మొదటి మూడో వంతులోపు జరిగేది చెప్పవచ్చునని నా అభిప్రాయం. పుస్తకం తెరవనివారికి ఏ ఆశ్చర్యమూ కలగదు కదా. రెండో సందేహం మాత్రం సరైనదే. నెమ్మదిగా సాగే కథను పరుగులు తీసే కథగా అమ్మితే, కొన్నవారు కోపంతో సమీక్ష రాస్తారు. అందుకే నేను వాక్యాలను నింపాదిగా ఉంచాను, "రహస్యం" అన్న మాట వాడలేదు. మీకు ఇంకా అనుమానంగా ఉంటే చివర "ఒక నింపాది కుటుంబ గాథ" అని చేర్చండి. నింపాది కథలు ఇష్టపడేవారు దాన్ని చూసే కొంటారు.

అర్ధరాత్రిపాఠకురాలు:

నేను రచయితను కాను, కొనే మనిషిని. నాకు ముఖచిత్రం నచ్చి, వివరణ నచ్చితే, తర్వాత చేసే పని నమూనా తెరవడం. అమెజాన్ ఈ-పుస్తకాలు చదివే కిండిల్‌లో సాధారణంగా పుస్తకంలోని మొదటి పదో వంతు దాకా ఉచితంగా చదవవచ్చు. ఎన్ని పుస్తకాల్లో ఆ పదో వంతు ఎలా గడిచిపోతుందో చెప్పమంటారా? హక్కుల పేజీ, అంకితం, ఇద్దరు పెద్దల ముందుమాటలు, రచయిత తన మాట, ఇంటిల్లిపాదికీ కృతజ్ఞతలు, విషయసూచిక. కథ మొదలయ్యేసరికి నమూనా అయిపోతుంది. మొన్న ఒక నమూనాలో కథ నుంచి నాకు దొరికింది ఒకటిన్నర పేజీ. రచయిత ఎలా రాస్తారో చూడనిదే నేను డబ్బు పెట్టను.

తొలిప్రతి గారూ, మీ నమూనాలో ఏముంది?

తొలిప్రతి:

రెండు ముందుమాటలు, నా మాట నాలుగు పేజీలు, కృతజ్ఞతలు రెండు పేజీలు. సిగ్గుగా ఉంది.

నల్లసిరా:

సిగ్గు దేనికండీ, నా మొదటి పుస్తకంలో మూడు ముందుమాటలు ఉండేవి, మూడోది నా గురించి కాకుండా ఆ రాసినవారి గురించే ఉండేది. ఈ-పుస్తకంలో అవన్నీ చివరికి జరపండి. ఫైలు మార్చి మళ్ళీ ఎక్కించడానికి ఖర్చేమీ లేదు.

చివరి పేజీ గురించి కూడా చెప్పాలి. కథ ముగిసిన వెంటనే, పాఠకుడు పుస్తకం మూయకముందే, ఒక చిన్న పేజీ పెట్టండి. "చదివినందుకు కృతజ్ఞతలు, మీకు అనిపించింది రెండు ముక్కల్లో రాస్తే ఇతర పాఠకులకు ఉపయోగపడుతుంది" అని ఒక వాక్యం, మీ తర్వాతి పుస్తకం వచ్చినప్పుడు ఉత్తరం అందుకోవడానికి ఈమెయిలు నమోదు లంకె ఒకటి. ఇంతకంటే మంచి సమయంలో మీ మాట వినేవారు మీకెక్కడా దొరకరు. సామాజిక మాధ్యమంలో మీ టపా ఎవరికి కనిపించాలో ఆ సంస్థ నిర్ణయిస్తుంది, ఈమెయిలు జాబితా మాత్రం మీది. నా రెండో పుస్తకం విడుదలనాటికి ఆ జాబితాలో ఉన్నది 38 మందే. అందులో 20 మందికి పైగా మొదటి వారంలోనే కొన్నారు. ఎవరినీ అడగకుండా జాబితాలో చేర్చవద్దు, వాట్సాప్ బృందాల అనుభవం మీకు ఉండనే ఉంది. ప్రతి ఉత్తరం అడుగున జాబితా నుంచి తప్పుకునే లంకె తప్పక ఉండాలి. అది మర్యాదే కాదు, చాలా దేశాల్లో చట్టం కూడా.

గ్రంథపాలకుడు:

సమీక్షల విషయం మధ్యలో ఆగిపోయింది కాబట్టి చెబుతున్నాను. డబ్బు తీసుకుని రాసే సమీక్షలను అమెజాన్ నిషేధించింది. కుటుంబ సభ్యులు, దగ్గరి స్నేహితులు రాసేవి కూడా వారి నియమాలకు విరుద్ధం. ఆ 61 మందిచేత సమీక్షలు రాయించి ఉంటే అవి మాయమయ్యే అవకాశం ఉంది, ఖాతాకు కూడా చిక్కులు రావచ్చు. ఉచిత ప్రతి ఇవ్వడానికి అభ్యంతరం లేదు గాని, దానికి బదులుగా సమీక్ష రాయాలనిగాని, ఫలానా విధంగా రాయాలనిగాని షరతు పెట్టకూడదు. మీ కోవ నవలలు చదివి నిజాయితీగా రాసే పాఠకులను గుడ్‌రీడ్స్ వంటి పాఠకుల వెబ్‌సైట్లలో వెతికి, ఒక్కొక్కరికీ విడిగా, వారు అంతకుముందు రాసిన సమీక్షను మీరు చదివారని తెలిసేలా ఉత్తరం రాయండి. ఇరవై మందికి రాస్తే ఏడెనిమిది మంది పుచ్చుకుంటారు, నలుగురు రాస్తారు. అంతకు మించి ఆశించకండి.

సొంత ప్రచారపు యావ ఈనాటిది కాదు. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితా సంపుటి 'లీవ్స్ ఆఫ్ గ్రాస్'ను సొంతంగా వేసుకుని, పేరు లేకుండా తన పుస్తకం మీద తానే ప్రశంసా సమీక్షలు రాసి పత్రికల్లో అచ్చువేయించాడు. ఆనాటి ప్రసిద్ధ రచయిత ఎమర్సన్ మెచ్చుకుంటూ తనకు రాసిన వ్యక్తిగత ఉత్తరంలోని వాక్యాన్ని, ఆయనను అడగకుండానే, మరుసటి ఏడాది రెండో కూర్పు వెన్ను మీద బంగారు అక్షరాలతో ముద్రించాడు. మహాకవి కాబట్టి చెల్లింది, మనం చేస్తే ఖాతా మూసేస్తారు.

ఏకాంతలేఖిని:

చర్చ అంతా చదివాను. నాకు బాధగా ఉంది. ముఖచిత్రం గోరంత చేసి చూడటం, వాక్యాలను ఎర వేసినట్టు రాయడం, క్లిక్కుకు ఎన్ని పాళ్ళు అని లెక్కలు కట్టడం, ఇది సాహిత్యమా, అంగడా? మంచి పుస్తకం ఆలస్యంగానైనా తన పాఠకుణ్ణి తానే వెతుక్కుంటుంది. రచయిత పని రాయడం.

గ్రంథపాలకుడు:

ఏకాంతలేఖిని గారూ, అలమారల మధ్య చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి. పుస్తకం ఎక్కడికీ నడిచి వెళ్ళదండీ. తనంతట తానే పాఠకుణ్ణి వెతుక్కుందని మనం చెప్పుకునే ప్రతి పుస్తకం వెనుకా, దాన్ని పట్టుకుని పదిమందికి చూపించిన మనిషి ఒకరు ఉంటారు. విట్మన్‌కు ఆ మనిషి విట్మనే. అయితే మీ మాటలో ఒక నిజం ఉంది: రోజుకు రెండు గంటలు ప్రచారానికి పోతే రెండో పుస్తకం రాదు.

రెండుదారులు:

ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి అడుగుతాను. తొలిప్రతి గారూ, మీరు కేడీపీ సెలెక్ట్‌లో చేరారా?

తొలిప్రతి:

చేరినట్టే గుర్తు. నమోదు చేసేటప్పుడు ఒక గడి కనిపిస్తే నొక్కాను.

రెండుదారులు:

చాలామంది ఇలాగే చేరతారు. ఆ గడి నొక్కితే 90 రోజులపాటు మీ ఈ-పుస్తకం ఇంకే దుకాణంలోనూ ఉండకూడదు, మీ సొంత వెబ్‌సైటులో కూడా. కాగితం పుస్తకానికి ఈ షరతు వర్తించదు. గడువు ముగిసినప్పుడు మీరు వద్దనకపోతే దానంతట అదే మరో 90 రోజులు కొనసాగుతుంది. నేను గమనించక రెండు విడతలు ఇరుక్కున్నాను, ఇతర దుకాణాల్లో ఈ-పుస్తకం పెట్టాలన్న నా ఆలోచన ఆరు నెలలు వెనకబడింది.

బదులుగా వారు ఇచ్చేది, అమెజాన్ ఈ-పుస్తకాల చందాదారులు చదివిన పేజీల లెక్కన కొంత డబ్బు, 90 రోజుల్లో 5 రోజులు పుస్తకాన్ని ఉచితంగా పెట్టుకునే వీలు. నా మట్టుకు నేను ఒకే దుకాణం మీద ఆధారపడటాన్ని ఇష్టపడను.

నల్లసిరా:

ఇక్కడ నేను విభేదిస్తాను. అన్ని దుకాణాల్లోనూ పెట్టడం ఐదారు పుస్తకాలున్న రచయితకు సరిపోతుంది. ఒక్క పుస్తకం ఉన్నవారు ఏడు చోట్ల పెట్టి ఏడు చోట్లా కనబడకుండా ఉండటంకంటే, ఒకచోట కాస్త కనబడటం మేలు. పేరు తెలియని రచయిత పుస్తకం కొనడానికి సందేహించేవారు కూడా చందాలో ఉంది కదా అని తెరిచి చూస్తారు, వారికి పోయేదేమీ లేదు. అయితే ఆ 5 ఉచిత రోజులను ఇప్పుడు వృథా చేయవద్దు. ముఖచిత్రం, వివరణ, నమూనా సరిచేసి, నాలుగు నిజమైన సమీక్షలు వచ్చాక వాడండి. ఖాళీ పేజీ మీదికి జనాన్ని పిలవడం ఒకసారి చేశారు, 412 మందితో.

రెండుదారులు:

క్రమం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను, మిగిలినదాని మీద నా అభిప్రాయం మారలేదు. గడువు తేదీని మాత్రం క్యాలెండరులో రాసి పెట్టుకోండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య గురించి కూడా: కేడీపీ ఉచితంగా ఇచ్చే సంఖ్యను ఇంకో ముద్రణ సంస్థ దగ్గర వాడుకోలేరు. కాగితం పుస్తకాన్ని తర్వాత దుకాణాలకు పంపిణీ చేయాలనుకుంటే సొంత సంఖ్య తీసుకోవడం మంచిది. దుకాణాలు పెద్ద తగ్గింపునూ, అమ్ముడుపోని ప్రతులను వాపసు ఇచ్చే వీలునూ అడుగుతాయి. ఒక్క పుస్తకంతో ఆ లెక్క తేలదు కాబట్టి ప్రస్తుతానికి దాని జోలికి వెళ్ళకండి.

అర్ధరాత్రిపాఠకురాలు:

ఇంకొక్క మాట. ఈ చర్చలో అందరూ నవలా పాఠకుల గురించే మాట్లాడుతున్నారు. గడియారాలు సేకరించేవారు, పాత గడియారాలు విప్పి బాగుచేసుకోవడం వ్యసనంగా పెట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు, వారికి ఆన్‌లైన్‌లో సంఘాలున్నాయి. మా అన్నయ్య ఒకదానిలో ఉన్నాడు, ఒక స్ప్రింగు గురించి రాత్రి రెండింటిదాకా వాదించుకుంటారు. వారి గురించి ఎవరైనా నవల రాశారంటే చదవకుండా ఉంటారా? లంకె పడేసి పారిపోకండి. ముందు కొన్నాళ్ళు సభ్యురాలిగా ఉండి, వారు మాట్లాడుకునేది వినండి. శోధన మాటలు రాయడానికి కేడీపీ ఏడు గడులు ఇస్తుంది కదా, వాటిలో "మానవ సంబంధాలు" తీసేసి గడియారాల మరమ్మతు, తండ్రీకూతుళ్ళ కథ లాంటి మాటలు పెట్టండి. నేను దుకాణంలో వెతికేటప్పుడు అలాంటి మాటలే కొడతాను.

తొలిప్రతి: *(పదకొండు వారాల తర్వాత)*

అందరికీ నమస్కారం. చెప్పినవన్నీ చేయలేకపోయాను గాని, చేసినవి చెబుతాను.

అట్టబొమ్మ గారి పరీక్ష పెట్టాను. నా ముఖచిత్రాన్ని చూసిన ముగ్గురిలో ఇద్దరు ప్రయాణ కథనం అన్నారు, ఒకరు ధ్యానం మీద పుస్తకం అన్నారు. కొత్తది వేయించాను: నల్లని నేపథ్యం మీద ఒక పాత గడియారం, దానికి దారంతో వేలాడే చీటీ, చీటీ మీదే పుస్తకం పేరు. బంధువుకు చెప్పడానికి వారం రోజులు ధైర్యం చాలలేదు. చెప్పాక ఆయన నవ్వి, తనకూ ఆ నది ఎందుకో అర్థం కాలేదన్నారు. ముందుమాటలను వెనక్కి జరిపాను, వెనుకఅట్ట గారి మాటను ఒక్క పదం మార్చి పెట్టుకున్నాను.

22 మంది సమీక్షకులకు రాశాను. తొమ్మిది మంది ప్రతి తీసుకున్నారు, ఐదుగురు రాశారు. వాటిలో గుడ్‌రీడ్స్‌లో పెట్టిన ఒకదానికి రెండే నక్షత్రాలు, "కథ బాగుంది గాని నత్తనడక" అని. రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత గమనించింది ఏమిటంటే, దానికింద ఒకరు "నాకు నత్తనడక కథలే ఇష్టం, కొంటున్నాను" అని రాశారు.

తర్వాత ప్రకటన మళ్ళీ చిన్నగా మొదలుపెట్టాను. 180 క్లిక్కులు, 11 ప్రతులు. లెక్కలపద్దు గారి లెక్క ప్రకారం ఇంకా నష్టమేనని నాకు తెలుసు.

గడియారాల సంఘంలో ఐదు వారాలు నోరెత్తకుండా కూర్చున్నాను. ఆరో వారం ఎవరో వృత్తి ఏమిటని అడిగితే నవల సంగతి చెప్పాను. నలుగురు కొన్నారు. వారిలో ఒక పెద్దాయన చదివి, 112వ పేజీలో తప్పుందని రాశారు. గడియారం వేగంగా నడుస్తోందని తండ్రి లోలకం గుండును పైకి జరిపినట్టు రాశాను. పైకి జరిపితే లోలకం పొట్టిదై గడియారం ఇంకా వేగంగా నడుస్తుందట, కిందికి దించాలట. నలభై ఏళ్ళు అదే పని చేసిన మనిషి చేత అలాంటి పొరపాటు చేయించానే అని తల పట్టుకున్నాను. ఆయన ఆ తప్పును సంఘమంతటికీ వివరించి చెబితే, దాని మీద 60కి పైగా వ్యాఖ్యలు వచ్చాయి, ఇంకో ఎనిమిది మంది ఆ పేజీ చూడటానికే పుస్తకం కొన్నామన్నారు. ఈ-పుస్తకం ఫైలూ, అచ్చు ఫైలూ రెండూ సరిచేసి ఎక్కించాను.

గడచిన నెలలో మొత్తం 23 ప్రతులు. నాకు ఫోను చేసి చెప్పి కొన్నవారు వారిలో ఒక్కరే.

లెక్కలపద్దు:

137 క్లిక్కులకు ఒకటి ఉన్నది ఇప్పుడు సుమారు 16కి ఒకటి అయింది. నష్టం ఉన్నా ఇది బాగుపడే నష్టం. రోజువారీ పరిమితి పెంచకండి. ఏ శోధన మాటకు వచ్చిన క్లిక్కులు అమ్మకాలుగా మారాయో నివేదికలో చూసి, మారనివాటిని తీసేయండి. గడియారాల మాటలు మిగులుతాయని నా అనుమానం.

తొలిప్రతి:

చూశాను. 11లో 8 గడియారాల మాటలకే వచ్చాయి. "కుటుంబ నవల" అన్న మాటకు 70 క్లిక్కులు వచ్చి ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఈ రాత్రే తీసేస్తాను.

అర్ధరాత్రిపాఠకురాలు:

మా అన్నయ్య దగ్గరున్నది లోలకం గుండు పైకి జరిపిన ప్రతి. సరిచేసినది పంపమంటారా అని అడిగితే వద్దన్నాడు, ఆ పేజీలో పెన్సిలుతో బాణం గుర్తు వేసుకున్నాడట. ఈమెయిలు జాబితాలో మాత్రం తన పేరు రాసుకోమన్నాడు.